మనకి రేపు ఈత పోటీ

ఈత పోటీల్లో అందరికంటే ఎక్కువ అలిసిపోయేది ఈదేవాళ్ళు కాదు. గట్టు మీద నిలబడి అరిచేవాళ్ళు. న్యాయంగా చూస్తే పతకం వాళ్ళ మెడలోనే వేయాలి!

నవ్వకండి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. ఈదేవాళ్ళకు నీళ్ళ ఆసరా ఉంటుంది. నీళ్ళు మనిషిని తేలుస్తాయి, చల్లబరుస్తాయి, చెమటని ఎప్పటికప్పుడు కడిగేస్తాయి. గట్టు మీదివాళ్ళకు ఏముంది? తడి గచ్చు, ఉక్కపోత, క్లోరిన్ వాసన. పైగా ఈదేవాళ్ళు మూతి పక్కకి తిప్పినప్పుడల్లా ఊపిరి పీల్చుకుంటారు. తండ్రి అన్నవాడు పోటీ తేదీ ప్రకటించిన రోజున బిగబట్టిన ఊపిరి ఫలితాలు వచ్చేదాకా వదలడు.

ఈ మధ్య ఎక్కడ చూసినా ఒక కొత్త వాదన వినిపిస్తోంది. ఆటలాడే పిల్లల్ని వాళ్ళ మానాన వాళ్ళని వదిలేయాలట. తల్లిదండ్రులు గట్టు మీద కేకలు వేయకూడదట. చప్పట్లు కొట్టి ఊరుకోవాలట. చప్పట్లా! చప్పట్లు ఎవరైనా కొడతారు. పక్కింటాయన కూడా కొడతాడు. కన్నతండ్రికీ పక్కింటాయనకీ ఆ మాత్రం తేడా ఉండొద్దా?

గట్టు మీద అరిచే తండ్రి ఈ తరం పిల్లలకు దొరికిన వరం. ఈ సంగతి నిరూపించాకే కలం కింద పెడతాను.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. బాగా ఈదుతుంది. నాకు ఈత రాదు. సలహాలు ఇవ్వడానికి ఇది ఏనాడూ అడ్డు రాలేదు. ఈత వచ్చినవాడు తనకు తెలిసినంత మేరకే చెబుతాడు, రానివాడికి ఆ హద్దు లేదు. ఉద్యోగరీత్యా నేను ఒక పత్రికలో ప్రూఫులు దిద్దుతాను. అంటే ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టడం నా వృత్తి, ఇతరులు ఈదినదాంట్లో తప్పులు పట్టడం ప్రవృత్తి. తీరిక దొరికితే మనస్తత్వశాస్త్రం చదువుతాను. ఆ పుస్తకాల్లో ఉన్న లోపాలన్నిటినీ నాకు తెలిసిన మనుషులందరిలో కనిపెట్టాను, ఒక్కరిలో తప్ప. ఆ ఒక్కరూ ఈ వ్యాసం రాస్తున్నారు.

ఇక విషయానికి వస్తాను. తండ్రి ప్రోత్సాహం అంతా ఒక్క మాటలో ఉంది. ఆ మాట ‘మనం’.

‘మనకి రేపు ఈత పోటీ.’ ‘మనం ఇవాళ పెందలాడే పడుకోవాలి.’ ‘మనం ఐస్‌క్రీమ్ మానేశాం.’ ఈ చివరి వాక్యం చెప్పేటప్పుడు నా చేతిలో ఐస్‌క్రీమ్ ఉండవచ్చు. అది వేరే సంగతి. పిల్లకి తాను ఒంటరిని కాను అన్న ధైర్యం కలగాలి, అంతే!

ఈ మాటకి ఒక వ్యాకరణం కూడా ఉంది. గెలిస్తే మనం గెలిచాం. ఓడితే నువ్వు ఓడిపోయావు. ఈ సూత్రం నేను రాసింది కాదు. ఏ ఆటస్థలం గేటు దగ్గర నిలబడినా మీకే వినిపిస్తుంది.

శాస్త్రంలో దీన్ని తాదాత్మ్యం అంటారు. తేలిక మాటల్లో చెప్పాలంటే ఇంకొకరి ఒంట్లో కాపురం పెట్టడం. అద్దె కట్టక్కర్లేదు. ఖాళీ చేయమని అడిగేవాళ్ళూ ఉండరు. అలాగే అనుకునేవాణ్ణి.

‘మనం’ మీద నాకు ఈ మక్కువ నిన్నటిది కాదు. అమ్మాయి పుట్టిన రోజున మా ఆవిడ పక్కనే నిలబడి ‘పుష్! పుష్!’ అని ఆమె మూలుగుల్ని మించి అరిచాను. నర్సు వచ్చి, “మీరు కాసేపు బయట కూర్చోండి” అంది. కూర్చున్నాను. పిల్ల ఏడుపు వినగానే లోపలికి పరిగెత్తి, “మొత్తానికి కనేశాం!” అన్నాను.

మా ఆవిడ కళ్ళు కూడా తెరవలేదు. “కనేశామా?” అంది.

ఆ ప్రశ్నకి జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

అమ్మాయి మొదట ఈతలో లేదు, పరుగు పందేల్లో ఉండేది. నేను ట్రాక్ లోపలివైపు గడ్డి మీద ఆమెతో సమానంగా పరిగెత్తుతూ, ‘మోకాళ్ళు పైకి! భుజాలు వదులు! పక్కకి చూడకు, నావైపు చూడు!’ అని ప్రోత్సహించేవాణ్ణి. ఫలితం కళ్ళారా చూశాను. నాకు ఆయాసం వచ్చి వెనకబడ్డ చోట నుంచి ఆమె వేగం ఒక్కసారిగా పెరిగేది. నా మాటలు కాస్త ఆలస్యంగా పనిచేస్తాయన్నమాట!

తర్వాత ఒక సెలవుల్లో, ఉన్నట్టుండి, పరుగు మానేసి ఈతకి మారిపోయింది.

“అదేంటి తల్లీ, మనం బాగానే పరిగెత్తుతున్నాం కదా?” అన్నాను.

“ఏమో నాన్నా. నీళ్ళలో హాయిగా ఉంటుంది.”

పిల్లల మనసు లోతు శాస్త్రానికి కూడా అందదు.

నేను వెనక్కి తగ్గలేదు. తాటిచెట్టు ఎక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తాం అని లోకం నిట్టూరుస్తుంది. అది సోమరుల మాట. నిజమైన తండ్రి పక్కన నిచ్చెన వేసుకుని మరీ తోస్తాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కాబట్టి ఇంటి నుంచే మొదలుపెట్టాను. హాల్లో గోడకి వరసగా కొక్కేలు కొట్టించాను, పతకాలు తగిలించడానికి. పతకాలు రాకముందే కొక్కేలేమిటి, ఆలూ లేదు చూలూ లేదు అని మా ఆవిడ దెప్పింది. ఖాళీ కొక్కేలు చూస్తే పిల్లకి కసి పుడుతుందని వివరించాను. ప్రస్తుతం వాటికి గొడుగులు, కూరల సంచులు వేలాడుతున్నాయి. కసి పుట్టిందో లేదో తెలియదు గానీ మా ఇంట్లో గొడుగు పోవడం అన్నది లేదు.

తిండి విషయంలోనూ ఇంటిల్లిపాదీ త్యాగం చేశాం. గుడ్డులో తెల్లసొన అమ్మాయికి, పచ్చసొన నాకు. ఆ మధ్య డాక్టరు నా రక్తపరీక్ష చూసి కొలెస్ట్రాల్ ఎందుకింత పెరిగిందని అడిగితే, “మేం స్విమ్మర్లం అండీ” అని చెప్పాను. ఆయన నా పొట్ట వంక చూసి మందు రాసిచ్చాడు.

పొద్దున్నే లేవడం సంగతి చెప్పనే లేదు. “నీకోసం తెల్లారకముందే లేస్తున్నాను, గుర్తుంచుకో” అని రోజూ కారులో గుర్తుచేసేవాణ్ణి. ఒకరోజు అమ్మాయి ఆవులిస్తూ, “అలారం పెట్టేది నేను. నిన్ను లేపేది నేను. దుప్పటి లాగేది కూడా నేనే” అంది. నిజమే. ఒక మనిషిని అంత కష్టపడి లేపితే ఆ అమ్మాయి చేతులకి ఎంత వ్యాయామం!

ఇక కారు. పోటీ పూల్‌లో జరుగుతుందని అమాయకులు అనుకుంటారు. అసలు పోటీ తిరుగు ప్రయాణంలో ఉంటుంది. కార్ల వెనక తలుపులకి, పిల్లలు లోపలి నుంచి తెరవలేకుండా, చైల్డ్ లాక్ అని ఒకటి పెడతారు. దాన్ని కనిపెట్టినవాడి పిల్ల ఆ రోజు కచ్చితంగా ఓడిపోయి ఉంటుంది.

“మలుపు దగ్గర ఆలస్యమైంది” అని మొదలుపెడతాను.

“ఊఁ.”

“ఊఁ కాదు. ఎందుకు ఆలస్యమైంది?”

“గోడ దూరంగా ఉంది నాన్నా.”

“అందరికీ అంతే దూరంలో ఉంది కదమ్మా!”

ఈ చర్చలంటే అమ్మాయికి ఎంత ఇష్టమంటే, ఇప్పుడు కారెక్కగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నా మాటల్ని లోపల్లోపల నెమరు వేసుకుంటూ కూర్చుంటుంది.

నేనొక్కణ్ణే ఇలా అనుకునేరు! మా గట్టు మీద మహామహులు ఉన్నారు. మేం స్టాప్‌వాచ్ నాన్న అని పిలుచుకునే ఆయన కొడుకు పళ్ళు తోముకునే సమయం కూడా లెక్కగడతాడు. ఆ కుర్రాడు తోమడంలో మంచి పురోగతి సాధించాడట. టవల్ అమ్మ అని ఇంకొకావిడ ఉంది. పిల్ల నీళ్ళలోంచి తల ఎత్తేసరికి మొహం మీద టవల్ పడుతుంది. ఎంత ప్రేమంటే, ఒకసారి తొందరలో పక్క లేన్ పిల్లని తుడిచి ఇంటికి తీసుకెళ్ళబోయింది. ఇలాంటివాళ్ళ మధ్య నేను సాధారణమైన తండ్రిని. నా గొంతు మాత్రమే కాస్త ప్రత్యేకం.

ఆ గొంతు కారణంగానే ఒకసారి ప్రమాదం జరిగింది. అమ్మాయి ఈదుతుంటే నేను గట్టు వెంబడే నడుస్తూ, వంగి ఆమె చెవి దగ్గర సూచనలు ఇస్తున్నాను. ‘కాళ్ళు! కాళ్ళు!’ అంటున్నాను. అంతలో నా కాళ్ళే జారాయి. నడుం లోతు నీళ్ళలో పడ్డ నన్ను లైఫ్‌గార్డులు ఎంతో శ్రమపడి రక్షించారు. నేను సహకరించలేదని తర్వాత చెప్పారు.

ఆ కాసేపట్లో ఒక విషయం కనిపెట్టాను. నీళ్ళ కింద ఏమీ వినిపించదు. గ్యాలరీ లేదు, విజిల్ లేదు, స్టాప్‌వాచ్ నాన్న లేడు. ఎవరో లోకానికి తలుపు వేసినట్టు అంతా నిశ్శబ్దం. ఇన్నేళ్ళుగా నేను చెప్పిన సలహాల్లో ఒక్కటి కూడా అమ్మాయికి చేరలేదన్నమాట! మరొకడైతే కుంగిపోయేవాడు. నేను సరైన పాఠం నేర్చుకున్నాను. మర్నాటి నుంచి ఇంకా గట్టిగా అరవడం మొదలుపెట్టాను.

పూల్‌లో కోచ్ ఒకావిడ ఉంది. పొట్టి జుట్టు, మెడలో విజిల్, తక్కువ మాట. ప్రమాదం తర్వాత ఆమె నా దగ్గరికి వచ్చింది.

“సార్, మీరు అలా గ్యాలరీలో కూర్చోండి. మేం చూసుకుంటాం.”

“మనం అందరం కలిసి చూసుకుందాం మేడం.”

“వద్దు సార్. మేం చూసుకుంటాం.”

ప్రూఫులు దిద్దేవాడికి చిన్న మాటలే ముళ్ళలా గుచ్చుకుంటాయి. ‘మేం’ అంటే ఆవిడా, మా అమ్మాయీ. ఎదురుగా నిలబడి వింటున్న నేను అందులో లేను. మన భాషలో ఇదొక పేచీ. ‘మనం’ అంటే వినేవాణ్ణి కూడా లోపలికి రమ్మని తలుపు తీయడం. ‘మేం’ అంటే అదే తలుపు అతని మొహం మీద వేయడం. ఈ రెండింటికీ ఒకే మాటతో సరిపెట్టుకునే భాషల్లో తండ్రులు ఎంత నిశ్చింతగా బతుకుతారో!

ఇప్పుడు అసలు కథకి వస్తున్నాను. ఈ ఏడాదికల్లా పెద్ద పోటీలో అమ్మాయి ఫైనల్‌కి చేరింది. మా పత్రిక ఆటల పేజీ విలేకరి ఆమెతో మాట్లాడి నాలుగు ముక్కలు రాశాడు. ఆ ప్రూఫు సాయంత్రం నా టేబుల్ మీదికి వచ్చింది. ఎదురుగా బల్బు, చేతిలో ఎర్ర పెన్ను, కాగితం మీద నా కూతురు అన్న మాటలు. ‘నేను చాలా కష్టపడ్డాను. ఫైనల్‌లో బాగా ఈదుతాను. గెలిచినా ఓడినా నాకు ఈత ఇష్టం.’

అక్షర దోషాలు లేవు. అయినా వాక్యం ఎక్కడో బోసిగా అనిపించింది. మూడు వాక్యాల్లోనూ ఆ పిల్ల ఒక్కతే ఉంది. ‘నేను’ ఏమిటి, పదిహేనేళ్ళ పిల్ల నోట అహంకారంలా ఉండదూ? పాఠకులు ఏమనుకుంటారు? పెన్ను తనంతట తానే కదిలింది. ‘మేము చాలా కష్టపడ్డాం. ఫైనల్‌లో బాగా ఈదుతాం. గెలిచినా ఓడినా మాకు ఈత ఇష్టం.’

ఎంత నిండుగా ఉంది! ఒక కుటుంబమే ఈదుతున్నట్టు ఉంది.

మర్నాడు బడి నుంచి వచ్చిన అమ్మాయి పత్రిక తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది.

“నాన్నా, ఇదేంటి?”

“నీ గురించి వేశారు. బాగుంది కదూ?”

“నేను ‘నేను’ అన్నాను.”

“అవునమ్మా. కాస్త వినయంగా ఉంటుందని...”

“మేము అంటే ఎవరు?”

“ఎవరేంటి? నువ్వు, నేను, మీ అమ్మ...”

“నన్ను కలపకండి” అంది మా ఆవిడ వంటింట్లోంచి. “ఆ టైమ్‌కి నేను నిద్రపోతుంటాను.”

అమ్మాయి నవ్వలేదు. “బళ్ళో అందరూ ఏమంటున్నారో తెలుసా? ‘ఫైనల్‌లో మీ ఇంట్లోవాళ్ళందరూ ఒకే లేన్‌లో ఈదుతారా? మీ నాన్న ఫ్లోట్ కట్టుకుంటాడా?’ అంటున్నారు.”

“పిల్లలు అలాగే అంటారు తల్లీ. మనం పట్టించుకోకూడదు.”

“చూశావా, మళ్ళీ మనం!”

తర్వాత కాసేపు పత్రిక మడతపెడుతూ ఉండిపోయింది. మడత సరిగ్గా రాలేదు. మళ్ళీ విప్పి మడిచింది. అప్పుడు అంది, “ఫైనల్‌కి నువ్వు రావద్దు నాన్నా. నువ్వు వస్తే నేను నీళ్ళలో దిగను.”

“అదేం మాట!”

“నిజంగా దిగను. నీ తల కనిపించినా చాలు, వెనక్కి వచ్చేస్తాను.”

కోపంగా అని ఉంటే బాగుండేది. కోపానికి శాస్త్రంలో ఒక అధ్యాయమే ఉంది. ఈ పిల్ల ఉప్పు అందించమన్నట్టు మామూలుగా అంది. మామూలుగా అన్నవాళ్ళు అన్నంత పనీ చేస్తారని ఏ పుస్తకం చదవకపోయినా తెలుస్తుంది.

“మరి అమ్మ?” అన్నాను చివరికి.

“అమ్మ రావచ్చు.”

“అమ్మ అక్కడికొచ్చి ఏం చేస్తుంది?”

“కూర్చుంటుంది.”

కూర్చోవడం! ఇన్నేళ్ళు నేను గొంతు చించుకున్నాను. మా ఆవిడ కూర్చుంది. అర్హత ఆమెకి దక్కింది.

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, “పోనీలేవే, తలుపు దాకా రానీ పాపం. కారు నడపాలి కదా” అంది. చాలాసేపటి తర్వాత ‘తలుపు దాకా’ అన్న ఒప్పందం కుదిరింది. ఖాళీ చేయమన్న నోటీసు వచ్చాక వీధి అరుగు మీద పడుకోవడానికి అనుమతి దొరికినట్టు!

ఫైనల్ రోజున ముగ్గురం పూల్‌కి వెళ్ళాం. లోపలి తలుపు దగ్గర అమ్మాయి చెప్పులు విప్పి, స్టాండు మీద పెట్టబోయి, ఏమనుకుందో నా చేతికిచ్చింది. “పట్టుకో. పోతాయి.” తర్వాత అద్దాల తలుపు మూసుకుంది. మసక అద్దం. అవతల రంగులు కదులుతాయి, మనుషులు కనబడరు.

చెప్పుల స్టాండు పక్కన ఒక పొడుగాటి బల్ల ఉంది. కూర్చున్నాను. ఎదురుగా ‘తడి కాళ్ళతో నడవరాదు’ అని బోర్డు. ‘కాళ్ళతో’లో ఒత్తు, దీర్ఘం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దిద్దడానికి ఏమీ లేదు.

చదువుకునే రోజుల్లో ఆటల పీరియడ్ రాగానే మా క్లాసు పిల్లలందరూ చొక్కాలు విప్పి నా భుజాల మీద పడేసి మైదానంలోకి పరిగెత్తేవారు. నన్ను చొక్కాల స్టాండు అనేవారు. చెమట వాసన మోస్తూ గీత ఇవతల నిలబడేవాణ్ణి. ఎవరు గోల్ కొట్టినా వాడి చొక్కా నా దగ్గరుందన్న గర్వంతో, ‘కొట్టాం! కొట్టాం!’ అని గంతులు వేసేవాణ్ణి. ఇప్పుడు అమ్మాయి చెప్పులు ఒళ్ళో పెట్టుకుంటే ఆ బరువు గుర్తొచ్చింది. మనిషి ఎంత ఎదిగినా కొన్ని ఉద్యోగాలకి రిటైర్‌మెంట్ ఉండదు.

లోపల కేకలు మొదలయ్యాయి. ముందు వేరే పోటీలు. స్టాప్‌వాచ్ నాన్న గొంతు, టవల్ అమ్మ గొంతు పోల్చుకోగలనని అనుకున్నాను. పోల్చుకోలేకపోయాను. గోడ ఇవతల నుంచి వింటే అన్ని గొంతులూ ఒకటే. ఎవరిని ఏ పని చేయమంటున్నారో ఒక్క ముక్క తెలియదు. జనం మధ్య తప్పిపోయిన మనుషుల్ని పేర్లు పెట్టి పిలుస్తూ వెతుక్కుంటున్నట్టు ఉంది. తప్పిపోయింది పిల్లలా, పెద్దలా అన్నది మాత్రం తేలలేదు.

తర్వాత మైకులో అమ్మాయి పేరు చదివారు. లేన్ నంబరు చెప్పారు. పక్కన మరెవరి పేరూ లేదు.

బల్లకి పైన గోడలో కిటికీలాంటి వెంటిలేటర్ ఒకటుంది, ఎత్తులో. తలుపు దాకా అన్నది ఒప్పందం. వెంటిలేటర్ సంగతి అందులో రాలేదు! ఒప్పందాల్లో ఇలాంటి సందులు పట్టుకోవడం నా వృత్తి. చెప్పులు చంకలో పెట్టుకుని బల్ల మీదికెక్కాను. ఒక కాలు స్టాండు పై అరలో వేశాను. మునివేళ్ళు వెంటిలేటర్ అంచుకి తగిలాయి. ఇంకొంచెం సాగితే చాలు, నీలం నీళ్ళు, తెల్ల దిమ్మెలు, దిమ్మె మీద నా కూతురు.

లోపల పొడుగాటి విజిల్. అంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయింది. ‘టేక్ యువర్ మార్క్స్’ అని వినిపించింది.

ఆ క్షణంలో ఆమె తల వంచి నీళ్ళవైపు చూస్తూ ఉంటుంది. లేకపోతే నా తల కోసం చూస్తూ ఉంటుంది. ఏ వైపు చూస్తోందో తెలుసుకోవాలంటే నేను తొంగి చూడాలి. తొంగి చూస్తే ఇక తెలుసుకోవడానికి ఏమీ ఉండదు.

దిగాను. దిగేటప్పుడు స్టాండు కాస్త వంగి ఎవరివో బూట్లు పడ్డాయి. బల్ల మీద కూర్చుని నోరు గట్టిగా మూసుకున్నాను. ఇన్నేళ్ళ ప్రోత్సాహంలో నా గొంతు ఏనాడూ అంత నొప్పి పెట్టలేదు.

బజర్ మోగింది. తర్వాత నీళ్ళ చప్పుడు. దూకింది.

ఆ చప్పుళ్ళలో ఏది ఆమెదో చెప్పలేను. అన్నీ కలిసి ఒకటే చప్పుడు. దూకింది ఎనిమిది మంది, ఏడుగురు కాదని నాకు ఎలా తెలుసు? తెలియదు. నమ్మాను. శాస్త్రంలో ఈ మాట కోసం చాలా పేజీలు తిరగేశాను గానీ తండ్రుల అధ్యాయంలో కనబడలేదు.

కేకలు పెరిగాయి, పెరిగాయి, ఆగిపోయాయి. చాలాసేపటికి అద్దాల తలుపు తెరుచుకుంది. తడి జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు, కళ్ళ చుట్టూ గాగుల్స్ గీతలు. వెనకాల మా ఆవిడ, ఎప్పటిలాగే తీరిగ్గా.

నా నాలుక చివర ఒక ప్రశ్న నిలబడి ఉంది. మీకు తెలుసు అదేమిటో. మింగాను. మందు బిళ్ళ కంటే కష్టంగా దిగింది.

అమ్మాయి నావంక చూసింది. కింద పడ్డ బూట్లవంక చూసింది. పైన వెంటిలేటర్ వంక చూసింది.

“ఎక్కావా?”

“ఎక్కాను.”

“చూశావా?”

“లేదు.”

తడి జుట్టు పిండుకుంది. “అడగవా?”

“ఏమని?”

“ఏం లేదు.” నా ఒళ్ళోంచి చెప్పులు తీసుకుని వేసుకుంది. బూట్లు ఎత్తి స్టాండు మీద పెట్టింది. “ఆకలేస్తోంది. ఏదైనా తిందాం.”

పాఠకులకు ఇది మామూలు మాటే కావచ్చు. నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. ‘తిన్నాం’ అంటే అందులో ‘మనం’ ఉండవచ్చు, ‘మేము’ ఉండవచ్చు, నమ్మడానికి లేదు. ‘తిందాం’ అలా కాదు. దాని పక్కన ‘మేము’ పెట్టి చూడండి, వాక్యం నిలబడదు. ‘మేము తిందాం’ అని మన భాషలో ఎవరూ అనరు, ఎంత కోపంలో ఉన్నా అనలేరు. ఎదురుగా ఉన్నవాణ్ణి కలుపుకోకుండా ఆ మాట నోట్లోంచి రాదు. ఆ పిల్ల వ్యాకరణం చూసుకుని మాట్లాడలేదని నాకు తెలుసు. అయినా నేను ఏమీ దిద్దలేదు.

మర్నాడు ఆటల పేజీ ప్రూఫు నా టేబుల్ మీదికి వచ్చింది. పోటీ గురించి అమ్మాయి అన్న వాక్యం ఒకటి ఉంది. ‘నేను’తో మొదలైంది. మధ్యలో ఒక కామా పెడితే బాగుండునని చెయ్యి దురద పెట్టింది. ఎర్ర పెన్నుకి మూత పెట్టి, వాతావరణం పేజీ అందుకున్నాను.

కాబట్టి పాఠకులారా, గట్టు మీద అరిచే తండ్రి పిల్లలకి వరమే అన్న నా వాదన చెక్కు చెదరలేదు. ఆ వరం చెప్పుల స్టాండు దగ్గర ఉంటే ఇంకా బాగా పనిచేస్తుంది, అంతే!

ఏమిటి? ఇంకా కదలడం లేదు? ఇంతకీ ఎన్నో స్థానం వచ్చింది, పతకం వచ్చిందా లేదా, కొక్కేనికి ఏమైనా తగిలించారా అని అడగబోతున్నారు కదూ! ఈ వ్యాసం చివరిదాకా చదివింది అందుకేనా? మీ పిల్ల కాదు, మీకు ఆ పిల్ల పేరు కూడా తెలియదు, అయినా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

చెప్పను. అది నా సంగతి కాదు, మీ సంగతి అసలే కాదు. ఆ బల్ల పొడుగ్గానే ఉంది. వచ్చి కూర్చోండి. చెప్పులు మాత్రం ఎవరివి వాళ్ళే పట్టుకోవాలి.